గడియారం చెప్పని గంటలు

"ఏమే, రెండున్నర గంటలేనా! మనూరి బస్సుకన్నా నయమే!"

టికెట్టు చూసి అమ్మ సంబరపడిపోయింది. చెల్లెలి పురిటికని మొదటిసారి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతోంది. ఢిల్లీలో ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు విమానం ఎక్కితే, దిగేది అదే ఆదివారం ఉదయం ఆరున్నరకని రాసుంది మరి!

నాకు నవ్వొచ్చింది. తీరా లెక్క చెప్పబోతే నాకూ తికమకే. చలికాలంలో అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. మనకు ఆదివారం తెల్లవారుజామున 4 అయితే వాళ్ళకింకా శనివారం మధ్యాహ్నం రెండున్నరే. అక్కణ్ణించి లెక్కపెడితే ప్రయాణం అచ్చంగా పదహారు గంటలు!

అమ్మ ముఖం చిన్నబోయింది. "మోకాళ్ళతో అంతసేపు కూర్చోగలనంటావా?"

మా అబ్బాయి గ్లోబు తెచ్చి రెండు ఊళ్ళ మధ్యా దారం బిగించాడు. ఆశ్చర్యం! దారం ఉత్తర ధ్రువం చేరువనుంచి పోయింది. అలా కొలిస్తే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా ఎయిరిండియా విమానం నడిపినవారంతా మహిళా పైలట్లే. కెప్టెన్ జోయా అగర్వాల్ బృందంలో మన పాపగారి తన్మయి కూడా ఉన్నారు. అది విన్నాక అమ్మకు కాస్త ధైర్యం వచ్చింది.

అయితే దగ్గరి దారే త్వరగా చేరుస్తుందనుకోకండి. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా నడిపింది. ఆ దారి 15,300 కిలోమీటర్లు. పాతదానికన్నా సుమారు 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే దాదాపు రెండు గంటలు ముందే చేరింది! పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు వెనకనుంచి తోయడమే కారణం.

అసలు చిక్కు అమ్మ షుగరు మాత్ర దగ్గరొచ్చింది. "ఆదివారం పొద్దుటి మాత్ర విమానంలో వేసుకుంటానా, దిగాక మళ్ళీ ఆదివారం పొద్దున్నేగా! ఇంకోటి వేసుకోవాలా?"

నా డిగ్రీ చదువు అక్కడ పనిచెయ్యలేదు. డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాం. ఏ మాత్ర ఎప్పుడో మన టైము ప్రకారం కాగితం మీద రాసిచ్చారు. దిగేదాకా చేతిగడియారం ముళ్ళు తిప్పొద్దన్నారు. మందులు చేతిసంచీలోనే ఉండాలనీ, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యాలనీ, మంచినీళ్ళు తాగుతూ ఉండాలనీ చెప్పారు. చక్రాల కుర్చీ కావాలని మేం ముందే చెప్పి ఉంచాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు బయల్దేరుతుంటే ఇవన్నీ ముందే చూసుకోండి.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. అప్పటిదాకా నాకు ముద్ద దిగలేదు.

"చేరానే. మాత్రలన్నీ వేళకే వేసుకున్నా. గడియారం మాత్రం తిప్పను."

"దిగేశావుగా, ఇంకెందుకమ్మా?"

"ఉండనీవే. ఇక్కడ మీరేం చేస్తుంటారో తెలుస్తుంది. భోజనాలయ్యాయా?"