కరెంటు పోకముందే సిద్ధంగా ఉందాం

మనలో చాలామంది ఊళ్ళు కొండల మీద ఉన్నాయి. ఈదురుగాలికి చెట్టు కొమ్మ తీగ మీద పడితే కరెంటు పోతుంది. లైన్‌మేన్ గారు కొండెక్కి రావాలి గదా, బాగుచెయ్యడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు మనం పసిపిల్లలం. స్తంభాలు కూలాయి, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు విరిగాయి. చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయని పెద్దలు చెపుతారు.

చీకటి పడితే ఆగేది చదువు ఒక్కటే కాదు. రాత్రిపూట పాము కరిచినా, ఎవరికైనా నొప్పులు వచ్చినా 108కి ఫోను చెయ్యాలి. మా ఊళ్ళో సిగ్నలు కోసం గట్టు ఎక్కాలి. అంటే ఫోనులో చార్జింగూ ఉండాలి, చేతిలో టార్చీ ఉండాలి.

మా ఇంట్లో చిన్న సోలారు సెట్టు ఉంది. దానిలో నాలుగు భాగాలు. పలక ఎండని కరెంటుగా మారుస్తుంది. బ్యాటరీ దాన్ని దాస్తుంది, మనం గాదెలో ధాన్యం దాచినట్టు. కంట్రోలరు ఆ బ్యాటరీ మరీ నిండకుండా, పూర్తిగా ఖాళీ కాకుండా కాపలా కాస్తుంది. నాలుగోది ఎల్.ఇ.డి. బల్బు.

ఇప్పుడు లెక్క చూడండి. మా బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 84 వాట్ అవర్లు. సీసం బ్యాటరీలో సగమే వాడితే ఎక్కువకాలం మన్నుతుంది. సగం అంటే 42. ఫోను ఒకసారి నిండా చార్జి చేస్తే సుమారు 15 పోతాయి. మిగిలినవి 27. మా బల్బు 3 వాట్లు, కాబట్టి 9 గంటలు వెలుగుతుంది. రాత్రికి 3 గంటల చొప్పున మూడు రాత్రులు! తుఫానులో మబ్బు పడితే పలక సరిగా పనిచెయ్యదు, అందుకే ముందు దాచిందే ఆధారం.

మా అమ్మానాన్నలకి చదువు రాదు. ఈ లెక్క నేను సెలవుల్లో గోడ మీద బొగ్గుతో రాసి చూపించాను. మా వదినకి నెలలు నిండుతున్నాయి. అందుకని వానరోజుల్లో ఫోను చార్జి ఆమె కోసమే అని నాన్న చెప్పేశాడు. తమ్ముడు పాటలు పెట్టమని ఎంత ఏడ్చినా ఒప్పుకోడు.

జాగ్రత్తలు:

1. బ్యాటరీని పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట పెట్టాలి. చార్జి అయ్యేటప్పుడు దానిలోంచి హైడ్రోజన్ వాయువు రావచ్చు, అది మండుతుంది.

2. మూత తీసే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. ఊటనీళ్ళు పొయ్యకూడదు.

3. పెళ్ళిళ్ళకి తెచ్చే జనరేటరు ఇంటి లోపల పెట్టకూడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

4. తెగిపడిన తీగని ముట్టుకోవద్దు, పశువుల్నీ అటు పోనివ్వద్దు.

సోలారు లేనివాళ్ళు కూడా తుఫాను కబురు వినగానే ఫోనూ, టార్చీ నిండా చార్జి చేసి పెట్టుకోవాలి. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ బ్యాటరీ మీద అంకెలు చదివి, మీవాళ్ళకి లెక్క చెప్పండి. మన ఇళ్ళల్లో ఆ అంకెలు చదవగలిగింది మనమే కదా!

— 9వ తరగతి విద్యార్థిని