భయం - భద్రత

దేశాల మధ్య యుద్ధాలు ఎందుకు సంభవిస్తాయి? రాజ్యకాంక్ష, ప్రతీకారవాంఛ, సరిహద్దు వివాదాలు ఇందుకు కారణాలని చరిత్ర చెబుతుంది. అయితే ఎవరూ యుద్ధాన్ని కోరుకోకపోయినా, పరస్పర భయం ఒక్కటే దేశాలను యుద్ధం అంచుకు చేర్చగలదు. 1962 అక్టోబరులో తలెత్తిన క్యూబా క్షిపణి సంక్షోభం ఇందుకు ప్రబల నిదర్శనం.

ఊరిలో ఇద్దరికి తగవు వస్తే తీర్పు చెప్పడానికి పెద్దలున్నారు, న్యాయస్థానాలున్నాయి. సార్వభౌమాధికారం గల దేశాలన్నింటినీ శాసించగల ప్రభుత్వం మాత్రం లేదు. కాబట్టి ప్రతి దేశమూ తన రక్షణభారాన్ని తానే వహించవలసి వస్తుంది. ఒక దేశం ఆత్మరక్షణకై సమకూర్చుకున్న ఆయుధం పొరుగుదేశం కంటికి దాడికి సన్నాహంగా కనిపిస్తుంది. అదీ ఆయుధాలు పెంచుకుంటుంది. చివరకు రెండింటి భద్రతా తగ్గిపోతుంది. ఈ విషవలయాన్నే రాజనీతిజ్ఞులు ‘భద్రతా సందిగ్ధత’ అంటారు.

ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అమెరికా, సోవియట్ యూనియన్ ఈ వలయంలోనే చిక్కుకున్నాయి. సోవియట్ యూనియన్‌కు పొరుగున ఉన్న టర్కీలో అమెరికా అణు క్షిపణులను నిలిపింది. 1961 ఏప్రిల్‌లో అమెరికా అండతో క్యూబా ప్రవాసులు స్వదేశంపై జరిపిన దాడి విఫలమైంది. మరో దాడి తప్పదని క్యూబా భయపడింది. ఆ మరుసటి సంవత్సరం సోవియట్ నాయకుడు కృశ్చేవ్ క్యూబాకు రహస్యంగా అణు క్షిపణులను తరలించాడు. అమెరికా తీరానికి ఆ ద్వీపం సుమారు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

అక్టోబరు 14న అమెరికా గూఢచారి విమానం ఆ క్షిపణి స్థావరాలను ఛాయాచిత్రాలు తీసింది. వెంటనే బాంబులు కురిపించాలని కొందరు సలహాదారులు పట్టుబట్టారు. అధ్యక్షుడు కెనెడీ తొందరపడక, ఆయుధాలు తెచ్చే నౌకలను అడ్డుకోవడానికి నిర్ణయించాడు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం ‘దిగ్బంధనం’ యుద్ధచర్య అవుతుంది కనుక ఆ మాటను వాడక, దానికి ‘క్వారంటైన్’ అని పేరు పెట్టాడు.

“నీవు నన్ను నాశనం చేస్తే నేనూ నిన్ను నాశనం చేస్తాను” అనే బెదిరింపుతో శత్రువును ఆపడాన్ని ‘నిరోధం’ అంటారు. ఇరుపక్షాలూ వివేకంతో మెలగినంతకాలమే ఇది పనిచేస్తుంది. అక్టోబరు 27న క్యూబాపై ఒక అమెరికన్ విమానం కూల్చివేతకు గురై, చోదకుడు మరణించాడు. అదే రోజున సముద్రగర్భంలో చిక్కుకున్న ఒక సోవియట్ జలాంతర్గామిలో అణు టార్పెడో ప్రయోగించాలన్న ఆలోచన వచ్చింది. వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి దానిని వారించాడని అనంతరకాలంలో వెల్లడైంది. ప్రపంచ భవితవ్యం ఒక వ్యక్తి నిగ్రహంపై ఆధారపడవలసి రావడం ఎంత ప్రమాదకరమో ఊహించవచ్చు!

చివరకు సంప్రదింపులే ఫలించాయి. ఐక్యరాజ్యసమితి పక్షాన ఊథాంట్ మధ్యవర్తిత్వం వహించాడు. క్షిపణులను ఉపసంహరిస్తామని అక్టోబరు 28న కృశ్చేవ్ ప్రకటించాడు. క్యూబాపై దండెత్తబోమని అమెరికా మాట ఇచ్చింది. టర్కీలోని క్షిపణులను తొలగించడానికి రహస్యంగా అంగీకరించింది. ఇరువురికీ గౌరవప్రదమైన మార్గం దొరికింది. సంక్షోభ సమయంలో సందేశాలు చేరడానికి గంటల తరబడి పట్టినందున, 1963లో రెండు రాజధానుల మధ్య ప్రత్యక్ష సమాచార సంబంధం ఏర్పడింది. అదే ఏడాది వాతావరణంలోనూ, అంతరిక్షంలోనూ, నీటి అడుగునా అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం కుదిరింది.

కాలక్రమంలో భద్రత అనే భావన మరింత విస్తరించింది. ఆకలి, వ్యాధి, హింస పీడించే ప్రజలకు సరిహద్దులోని సైన్యం ఒక్కటే రక్షణ కాజాలదు. ఈ దృష్టితోనే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1994 నాటి మానవాభివృద్ధి నివేదికలో ‘మానవ భద్రత’ను ప్రతిపాదించింది.

ఎదుటివారిని భయపెట్టి పొందే భద్రత తాత్కాలికం. వారి భయాన్ని అర్థం చేసుకొని, దానిని తొలగించినప్పుడే శాంతి నిలుస్తుంది. ఆ పదమూడు రోజులు మానవాళికి నేర్పిన పాఠం ఇదే.