వార్తల్లో పదం: పీఎంఎస్

నెలసరికి ముందు మొదలై, అది వచ్చాక తగ్గిపోయే చిరాకు, దిగులు, కడుపుబ్బరం, రొమ్ముల్లో నొప్పి వంటి లక్షణాలను కలిపి ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్, క్లుప్తంగా పీఎంఎస్ అంటారు. 1998లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో రోజూ 1,200 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకున్నవారికి మూడో నెలసరికల్లా లక్షణాలు 48 శాతం తగ్గాయి. మందు లేని మాత్రలు వేసుకున్నవారికి 30 శాతమే. మెగ్నీషియంపై ఆధారాలు అంత బలంగా లేవు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉంటూ కోచింగ్‌కు వెళ్లే అమ్మాయిలు ఇది తెలుసుకోవాలి. టీ, బిస్కెట్లతో పూట గడిపేస్తే ఈ ఖనిజాలు అందవు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పెరుగు, సాయంత్రం నువ్వుల ఉండ తినొచ్చు. మాత్రలైతే డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. చదువు, నిద్ర దెబ్బతినేంత బాధ ఉంటే ఓర్చుకోవద్దు, గైనకాలజిస్టును కలవండి.