అరచేతిలో మిగ్‌, తోకలో మన సునాబెడ

ఈసారి బడి సైన్సు ప్రదర్శనలో మిగ్‌-21 నమూనా పెడదామని పిల్లలే అడిగారు. అసలు విమానాన్ని కొలత తప్పకుండా కుదించి, ప్లాస్టిక్ ముక్కలుగా డబ్బాలో పెట్టి అమ్మే స్కేలు కిట్టు అన్నమాట. రాయగడ, కొరాపుట్ వాళ్ళకు ఈ విమానం పరాయిది కాదు. 1964లో సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజిన్ల కర్మాగారం మొదలైంది దీని కోసమే. అప్పటికి రాయగడ కూడా కొరాపుట్ జిల్లాలోదే. విమానం ఒళ్ళు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజిను మన కొండల మీద తయారయ్యేవి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం చివరి మిగ్‌-21లకు వీడ్కోలు చెప్పింది. ఇక పిల్లలు దీన్ని చూడాలంటే మ్యూజియంలోనో, ఇలా బల్లమీదనో చూడాలి.

ఒక డబ్బా కొంటే సరిపోతుందనుకున్నాం. తీరా చూస్తే జపాన్ ఫుజిమి, రష్యా జ్వెజ్డా 1/72లో, కొరియా అకాడమీ, చెక్ దేశపు ఎడ్వార్డ్ 1/48లో, చైనా ట్రంపెటర్ 1/32లో ఈ విమానాన్ని చేశాయి. అన్నీ మిగ్‌-21లే. ఏది తీసుకోవాలి?

ముందు లెక్క వేయించాం. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 7.154 మీటర్లు. 72తో భాగిస్తే 9.9 సెంటీమీటర్లు, 48తో భాగిస్తే 14.9, 32తో భాగిస్తే 22.4. ఎనిమిదో తరగతి పిల్లలు నిష్పత్తులు ఇంత ఇష్టంగా చెయ్యడం మేము ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత ఒకమ్మాయి అడిగిన ప్రశ్నే కిట్లు పోల్చడానికి మాకు దారి చూపింది: కిట్టు చేసినవాళ్ళు ఒక్క మిల్లీమీటరు తప్పితే అసలు విమానంలో అది ఎంత తప్పు? 1/72లో 7.2 సెంటీమీటర్లు, 1/32లో 3.2. అంటే చిన్న బొమ్మలో చిన్న తప్పు కూడా పెద్దదే. పెద్ద బొమ్మ అయితే ధర ఎక్కువ, బల్ల చాలదు, రంగు కూడా బోలెడు పడుతుంది. బడికి 1/48 సరైనదని మా అభిప్రాయం. చివరి బెంచీ నుంచి కూడా కనిపిస్తుంది, బీరువాలో పడుతుంది.

కొలత తేలాక అసలు చిక్కు మొదలైంది. మిగ్‌-21 ఒక్క విమానం కాదు, పెద్ద కుటుంబం. మాకు కావలసింది 1971 యుద్ధంలో ఎగిరినది. ఆ ఏడాది డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనం మీద దాడి చేసినవి ఎఫ్‌ఎల్ రకం మిగ్‌లు. నాసిక్‌లో మొదట పెద్ద ఎత్తున కట్టినదీ అదే. దాని ఇంజిను ఆర్‌-11 రకం, కొరాపుట్ కర్మాగారం మొదలైందే ఆ ఇంజినుతో. తర్వాత వచ్చిన బిస్ రకానికి ఆర్‌-25 ఇంజిను. అదీ సునాబెడదే. కానీ అది 1971 తర్వాతి మాట.

డబ్బా మీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా, లోపలి ముక్కలు ఏ రకానివో చూసుకోవాలి. ముక్కు మీద ముందుకు పొడుచుకు వచ్చిన పొడవాటి గొట్టం ఉంటుంది, గాలి వేగం కొలిచేది. ఎఫ్‌ఎల్‌లో అది సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. బిస్‌లో పైలట్ కుడిచేతి వైపుకు జరిగి ఉంటుంది. వీపు చూడండి. ఎఫ్‌ఎల్‌ది సన్నం, బిస్‌ది లావు. పైలట్ గది అద్దం ఎఫ్‌ఎల్‌లో మొత్తంగా ముందుకు లేస్తుంది, బిస్‌లో పక్కకు తెరుచుకుంటుంది. పొట్ట కింద ఒంట్లోనే ఇమిడిన జంట గొట్టాల ఫిరంగి ఉంటే అది ఎఫ్‌ఎల్ కాదు. ఎఫ్‌ఎల్‌కు ఒంట్లో ఫిరంగే లేదు, కావాలంటే విడిగా పొట్ట కింద తగిలించేవారు. ఇవన్నీ చూశాక పిల్లలు దుకాణం ఫొటోల్లోని విమానాలను పేరు చదవకుండానే గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఎఫ్‌ఎల్ అని రాసిన డబ్బా దొరకడం కష్టం. పిఎఫ్ అని ఉన్నది దానికి దగ్గర చుట్టం. తోక రెక్క వెడల్పుది ఉందో లేదో చూసి తీసుకోవాలి.

కట్టడంలో మాకు జరిగిన పొరపాటూ చెప్పాలి. క్షణంలో అంటుకునే జిగురుతో అద్దం అతికించాం. తెల్లారేసరికి అద్దం లోపల పొగ పట్టినట్టు తెల్లబడిపోయింది. ఆ జిగురు ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్‌ను అలాగే పాడుచేస్తుందట. అద్దానికి తెల్ల జిగురే మేలు. మరొకటి, ముక్కులో బరువు పెట్టకుండా మూసేశాం. చక్రాల మీద నిలబెట్టగానే తోక మీద కూలబడింది. విప్పి, వలలకు కట్టే సీసం గుళ్ళు రెండు దూర్చాం. ఒక్క సంగతి మాత్రం హాయి. కట్టే పద్ధతి కాగితం దాదాపు అంతా బొమ్మలే. తెలుగు చదివే పిల్లాడూ ఒడియా చదివే పిల్లాడూ పక్కపక్కన కూర్చుని ఒకేలా అర్థం చేసుకున్నారు. మా బడిలో అలాంటి పాఠం రోజూ దొరకదు.

పూర్తయిన బొమ్మను చూడటానికి ఒక పిల్లవాడి తాతగారు వచ్చారు. సునాబెడలో పనిచేసి రిటైరైన మనిషి. అందరూ ముక్కు, రెక్కలు, కాషాయం తెలుపు ఆకుపచ్చ వలయాలు చూసి మెచ్చుకుంటుంటే, ఆయన బొమ్మను అటు తిప్పి తోకలోని గొట్టంలోకి కన్ను పెట్టి చూశారు. లోపల ఏమీ లేదు. ఈ సైజు కిట్లలో చాలావాటికి అంతే, ఇంజిను ఉండదు, బయటికి కనిపించే గొట్టం మటుకే ఇస్తారు. ఆయన ఏమీ అనలేదు, బొమ్మను జాగ్రత్తగా బల్లమీద పెట్టేశారు. మన జిల్లా చేసిన భాగమే డబ్బాలో లేదని మాకు అప్పుడు తట్టింది. మేము పోల్చిన కొలతల్లో, రకాల్లో ఆ ఊసే లేదు.

డబ్బాలో లేనిది ఇంకొకటి ఉంది. ఆ కర్మాగారం కోసం చికాపర్ ఊరివాళ్ళు 1968లో ఇళ్ళు, పొలాలు వదిలి వెళ్ళారు. గదబలు, పరజలు, డొంబులు. తర్వాత మళ్ళీ మరో ప్రాజెక్టు కోసం కదలవలసి వచ్చింది. జర్నలిస్టు పి.సాయినాథ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఊరి సంగతి రాశారు. మా తరగతిలో ఆ పక్క ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలూ ఉన్నారు. బొమ్మ పక్కన పెట్టే అట్ట మీద ఏం రాయాలన్న దగ్గర పెద్ద చర్చే జరిగింది. యుద్ధం గురించి ఒక్క వాక్యం చాలని, ఊరి గురించి రెండు ఉండాలని ఒక పిల్లవాడు పట్టుబట్టాడు. వాడి మాటే నెగ్గింది. అట్ట తెలుగులోనూ ఒడియాలోనూ రాశాం.

ఇంజిను మాత్రం పిల్లలే చేస్తున్నారు. ఆర్‌-11 పొడవు దాదాపు 4.6 మీటర్లు. 48తో భాగిస్తే 9.6 సెంటీమీటర్లు. పెన్ను గొట్టం మీద చార్టు కాగితం చుట్టి, పైన వెండి రంగు పూస్తున్నారు. బొమ్మ తోక పక్కనే, విడిగా పీట మీద పెడతారట.