కల్లు పులవకపోతే అనుమానించండి!

ఎండాకాలంలో పొద్దున రుబ్బిన దోసెల పిండి మధ్యాహ్నానికి పొంగుతుంది, రాత్రికి పుల్లబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకపోయినా ఆ పిండి మూడు రోజులు అలాగే ఉందనుకోండి, దాంతో దోసెలు పోసి పిల్లలకి పెడతారా? పెట్టరు. "ఇందులో ఏదో కలిసింది" అని పారబోస్తారు. వంటింట్లో ఇంత జాగ్రత్తగా ఉండే మనం, సాయంత్రం ఇంటికొచ్చే కల్లు సీసా దగ్గర మాత్రం ఆ తెలివిని పక్కన పెట్టేస్తాం. అది మగవాళ్ళ సంగతి కదా అని ఊరుకుంటాం.

గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల వరసలో ఏ గుమ్మం ముందు నిలబడినా ఇలాంటి మాటలు వినబడతాయి.

"ఏంది వదినా, రాత్రి అన్న బీరు సీసలు తెచ్చిండు?"

"బీరు కాదే, కల్లు. సీస మీద పేరు చూసి నేనూ గట్లనే అనుకున్న. చక్కెర లెక్క తియ్యగుంది. తాగి పన్నోడు పొద్దున షిఫ్టుకు లేపితే లేవలే."

ఈ రెండు ముక్కల్లోనే అసలు సంగతంతా ఉంది. సీసా మీద పేరొకటి, లోపల సరుకొకటి. సాయంత్రం దాకా తగ్గని తీపి. తెల్లారినా వదలని మత్తు. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే పెద్ద విషయాలనిపించవు. కలిపి చూడండి.

చెట్టు దిగకముందే మొదలు

తాటిచెట్టు నుంచి గానీ ఈతచెట్టు నుంచి గానీ కారే నీరు మొదట తియ్యగా ఉంటుంది. దాన్నే నీరా అంటాం. అందులో మత్తుండదు. అయితే లొట్టిలో చుక్క పడ్డప్పటి నుంచే గాలిలోని, లొట్టికి అంటుకున్న ఈస్టు పని మొదలుపెడుతుంది. చక్కెరని తిని సారాగా మారుస్తుంది. దాంతోపాటే పెరుగుని తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు పులుపు పుట్టిస్తాయి. కొన్ని గంటల్లోనే అది మామూలు బీరుకి దగ్గరగా మత్తున్న కల్లవుతుంది. ఇంకా ఉంచితే ఘాటైన పులుపెక్కి చివరికి వెనిగర్ అవుతుంది. గోవాలో, కేరళలో ఆ కల్లు వెనిగర్ని కూరల్లో వాడతారు కూడా.

తాటిబెల్లం వండేవాళ్ళు కుండ లోపల సున్నం పూసేది ఎందుకనుకున్నారు? నీరు పులవకుండా ఆపడానికే. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మే నీరా తియ్యగా ఉంటుందంటే దాన్ని చల్లగా దాచబట్టే. సున్నమూ లేక, చల్లదనమూ లేక, రామగుండం ఎండలో పొద్దుటి కల్లు సాయంత్రం దాకా తియ్యగా ఉండటమనేది ప్రకృతిలో లేదు.

మరి ఆ తీపి ఎక్కడిది?

ఒక్కో చెట్టు రోజుకి ఇచ్చేది కొన్ని లీటర్లే. చెట్లేమో తగ్గిపోతున్నాయి, అడిగేవాళ్ళు పెరుగుతున్నారు. అక్కడే కల్తీకి దారి పడుతుంది. కాస్త కల్లులో బోలెడు నీళ్ళు పోస్తారు. పోయిన తీపి కోసం సాక్రిన్ వేస్తారు. చక్కెరని ఈస్టు తినగలదు, సాక్రిన్‌ని తినలేదు. అందుకే ఆ తీపి ఎంతసేపైనా తరగదు.

పోయిన మత్తు కోసం కలిపేవి ఇంకా ప్రమాదం. ఒకప్పుడు ఎక్కువగా వినబడ్డ పేరు క్లోరల్ హైడ్రేట్. తరవాత డయాజిపాం, ఆల్ప్రజోలం వచ్చాయి. ఇవన్నీ నిద్రకి, ఆందోళనకి డాక్టరు చీటీ మీద, కొలిచి ఇవ్వాల్సిన మందులు. సీసాలో ఎవరు ఎంత పోశారో ఎవరికి తెలుసు? వీటికి సారా తోడైతే మనిషి నిద్రలోనే ఊపిరి మందగించి పోవచ్చు. పోనీ బతికి లేచినా మర్నాటి దాకా మగత వదలదు. భూగర్భ గనిలో, పైకప్పు కింద, యంత్రాల పక్కన నిలబడి పనిచేసే మనిషికి ఆ మగత ఎంత చేటో మీకు వేరే చెప్పాలా?

బోర్డొకటి, సరుకొకటి

బెల్జియం దేశంలో లాంబిక్ అనే బీరు ఉంది. గాలిలోని ఈస్టుతోనే పులియబెట్టి, నెలల తరబడి పీపాల్లో ఉంచుతారు. అది పుల్లగానే ఉంటుంది. కొనేవాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసు గనక ఇష్టపడి తాగుతారు. అదే పులుపు మామూలు బీరులో తగిలితే "పాడైంది" అని తిప్పి పంపిస్తారు. పులుపు తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

మన దేశంలో బీరు సీసా మీద మత్తు శాతం ఎంతో, ఎప్పుడు తయారైందో రాసి ఉంటుంది. 2019 నుంచి ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక కూడా అచ్చు వేయాలి. కల్లు పోసిన పాత బీరు సీసా మీద ఏముంటుంది? ఏదో కంపెనీ అచ్చు తప్ప లోపలి సరుకు గురించి ఒక్క అక్షరం ఉండదు. దుకాణం ముందు "స్వచ్ఛమైన చెట్టు కల్లు" అని రంగులతో రాసి ఉన్నంత మాత్రాన అది నిజమైపోదు.

ఒక మాట మరిచిపోవద్దు. ప్రాణాలకి తెగించి మోకు కట్టుకుని చెట్టెక్కే గీత కార్మికుడు ఈ కల్తీకి దోషి కాదు. కల్తీ కల్లు వల్ల మొదట చెడిపోయేది అతని పేరే.

జరిగిన కథలు రెండు

2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్ళు వాంతులతో, విరేచనాలతో, బీపీ పడిపోయి ఆస్పత్రుల పాలయ్యారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. దుకాణాల నుంచి తీసిన నమూనాల్లో ఆల్ప్రజోలం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

రెండోది అంతకంటే విచిత్రం. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేసి, మందు కలపడం ఆపించారు. దాంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో వందలమంది ఆస్పత్రులకి పరిగెత్తారు. ఫిట్లు, వణుకు, పిచ్చిపిచ్చి మాటలు. తాగి కాదు, తాగక! ఏళ్ళ తరబడి తెలియకుండా ఒంటికి అలవాటైన మందు ఒక్కసారిగా ఆగిపోయేసరికి శరీరం తిరగబడింది.

మాన్పించాలంటే తొందరపడకండి

అందుకే చెబుతున్నాను, మీవారు రోజూ కల్లు తాగే మనిషైతే సీసాలు పగలగొట్టి, తలుపు గొళ్ళెం పెట్టి ఒక్కరోజులో మాన్పించాలని చూడకండి. మీ కోపం న్యాయమైనదే, కానీ దారి అది కాదు. మానిన ఒకటి రెండు రోజుల్లో గాని, కొన్ని రోజుల తరవాత గాని చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చెమటలు, లేనివి కనబడటం, ఫిట్లు వస్తే "గాలి సోకింది" అని తాయెత్తులు కట్టించొద్దు. మళ్ళీ ఇంకో సీసా తాగించి పడుకోబెట్టొద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. డాక్టర్లు మందు మోతాదుని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

డాక్టరు దగ్గర సిగ్గుపడి దాచకండి. ఎన్నేళ్ళుగా, రోజుకి ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్నవి మీరు చెప్పే మూడు ముఖ్యమైన సంగతులు. సీసాలో కాస్త మిగిలి ఉంటే మూత పెట్టి వెంట తీసుకెళ్ళండి. ముందుగా సలహా కావాలంటే మత్తు మాన్పించే జాతీయ ఉచిత ఫోను నంబరు 14446 ఉంది. మనిషి లేపినా లేవకపోతే, గురక మారి ఊపిరి ఆగి ఆగి వస్తుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. నిద్రపోతే అదే దిగుతుందని తెల్లారేదాకా ఆగకండి.

ఇంట్లో మీరు గమనించవలసినవి

సాయంత్రానికి కూడా తియ్యగా ఉన్న కల్లుని ఇంట్లోకి రానివ్వకండి. ఒకటి రెండు గ్లాసులకే మాట తడబడి, మర్నాడు పదింటిదాకా మగత వదలకపోతే అది చెట్టు ఇచ్చిన మత్తు కాదని గుర్తించండి. అయితే పుల్లగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పులిసిన కల్లులోనూ మందు కలపొచ్చు. నాలుకకి దొరకని వాటిని పరీక్ష చేసే చిట్కా వంటింట్లో లేదు. తీపిని చూసి అనుమానించొచ్చు గానీ పులుపుని చూసి నమ్మడానికి లేదు.

చలవ చేస్తుందని పసిపిల్లలకి చెంచాతో పట్టడం, బాలింతకి బలమని ఇవ్వడం మన వైపు పాత అలవాటు. మంచి కల్లయినా అందులో సారా ఉంటుంది. మందు కలిసిందైతే పసిప్రాణం తట్టుకోలేదు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, పిల్లలకి చుక్క కూడా వద్దు. పండక్కి మీరూ ఓ గ్లాసు పుచ్చుకునేవారైతే, నిద్రమాత్రలు వాడుతున్న రోజుల్లో దాని జోలికి పోకండి.

దోసెల పిండి పులిస్తే తిట్టుకుంటాం, చింతపండు ఎక్కువైతే మొహం చిట్లిస్తాం. ఈ ఒక్క చోట మాత్రం పులుపు లేకపోతేనే భయపడాలి. ఈ సాయంత్రం ఇంటికి సీసా వస్తే గొడవ పెట్టుకోకండి. పక్కన కూర్చుని, "ఇది ఎప్పుడు దించింది? ఇంకా ఇంత తియ్యగా ఎందుకుంది?" అని మెల్లగా అడగండి. మర్నాడు షిఫ్టుకి వెళ్ళే మనిషి ఆ ప్రశ్న గురించి ఒక్కసారైనా ఆలోచిస్తాడు.