ఆ రెండు కుర్చీలూ ఖాళీ!

1969 మే 3. ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్‌కు డాక్టర్లు మామూలు పరీక్షల కోసం వచ్చారు. స్నానాల గదిలోకి వెళ్లిన రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ ఎంతసేపటికీ బయటకు రాలేదు. గుండెపోటుతో అక్కడే కుప్పకూలిపోయారు. పదవిలో ఉండగా రాష్ట్రపతి చనిపోవడం దేశానికి అదే మొదటిసారి.

హైదరాబాద్ బిడ్డ
జాకిర్ హుస్సేన్ పుట్టింది 1897లో, మన హైదరాబాద్‌లోనే. బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి, 1926 నుంచి రెండు దశాబ్దాలకు పైగా జామియా మిలియా బాధ్యతలు మోశారు. గులాబీలంటే ప్రాణం. చివరికి ఆ జామియా ఆవరణలోనే ఆయన్ని ఖననం చేశారు.

ఎవరు దిక్కు?
రాష్ట్రపతి చనిపోతే కొత్తవారు వచ్చేదాకా ఉపరాష్ట్రపతి ఆ బాధ్యతలు చూడాలి, ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలి... ఇదీ రాజ్యాంగం చెప్పేది. అలా వి.వి.గిరి అదే రోజు ప్రమాణం చేశారు. మరి ఆయనా తప్పుకుంటే? దానికి రాజ్యాంగంలో నేరుగా జవాబు లేదు. ఏర్పాటు చేసే అధికారాన్ని మాత్రం పార్లమెంటుకిచ్చింది. ఆ నెలలోనే చట్టం వచ్చింది. రెండు పదవులూ ఖాళీ అయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన లేకుంటే అక్కడి సీనియర్ న్యాయమూర్తి ఆ బాధ్యత తీసుకోవాలి.

రెండు నెలలైనా తిరక్కుండానే దాని అవసరం పడింది! 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్‌పై జులై 19న సంతకం చేసిన గిరి, రాష్ట్రపతి ఎన్నికలో పోటీకోసం మర్నాడే రాజీనామా ఇచ్చేశారు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వచ్చినప్పుడు స్వాగతం పలికిందీ ఆయనే. ఆగస్టు 24 వరకూ, అంటే అయిదు వారాలు, ఆయనే తాత్కాలిక రాష్ట్రపతి.

తెలుగువాళ్ల మధ్య పోటీ
ఆ ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలబడ్డ గిరికి ప్రధాని ఇందిరాగాంధీ అండ. ఇద్దరూ తెలుగువాళ్లే! రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ గిరి గెలుపు తేలలేదు. ఆ చిచ్చుతోనే కొద్ది నెలల్లో కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

1977 ఫిబ్రవరి 11న మరో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలోనే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి బి.డి.జెట్టి తాత్కాలికంగా బాధ్యతలు చూశారు. జులైలో కొత్త రాష్ట్రపతి ప్రమాణం చేశారు. ఈసారి అసలు పోటీయే లేదు. ఏకగ్రీవంగా ఎన్నికైన ఆ పెద్దమనిషి... ఎనిమిదేళ్ల కిందట ఓడిపోయిన సంజీవరెడ్డే!