సూర్యాపేట జిల్లా - సాంస్కృతికాభివృద్ధి ప్రణాళిక

2016 అక్టోబరులో నల్లగొండ జిల్లాను విభజించి సూర్యాపేట జిల్లాను ఏర్పరచిరి. ఆ యేర్పాటులోనే అంతవరకు కోదాడ మండలమున నుండిన అనంతగిరి వేరొక మండలమునకు కేంద్రమైనది. క్రొత్త జిల్లాకు కార్యాలయములు, అధికారులు శీఘ్రముగనే సమకూరుదురు. దాని సంస్కృతిని ఇరువది ముప్పది సంవత్సరముల దృష్టితో పెంపొందించుట యెట్లను ప్రశ్న మాత్రము మిగిలియుండును. జిల్లా కేంద్రమున నొక కళాభవనము, ఏటేట నొక యుత్సవము - ఇదియే సామాన్యముగా వినవచ్చు సమాధానము. ఇవి యనవసరమని మేమనము. కాని ఈ ప్రాంత చరిత్రను పరిశీలించినచో, ఇచ్చట పుట్టిన దానిని ఇచ్చటనే నిలుపు ఏర్పాటు కొరవడినదని తోచుచున్నది.

అనంతగిరి పరిసరములలోనిదే నడిగూడెము. మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమున్నను, తాను బ్రిటిషువారి కృష్ణాజిల్లాలో భాగమై యుండిన కాలమున, ఆ పరగణా ప్రభువుల నివాసమిది. రాజా నాయని వెంకటరంగారావుగారు ప్రభువు. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివాను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలయుటలో వీరి పాత్ర సాహిత్య విద్యార్థులకు సుపరిచితమే. భాషానిలయము రాజధానిలో వెలసినది. మండలి తరువాత మద్రాసునకు తరలినది. ఆ రెండును తెలుగువారికి చేసిన మేలు గొప్పది. రాజధానిలో తెలుగునకు ఆదరము కొరవడిన దినములవి గనుక ఆ నిర్ణయమును తప్పుపట్టుటకును వీలులేదు. అయినను నడిగూడెము పేరు ఆ సంస్థల చరిత్రలో తొలిపుటకే పరిమితమైనది.

ఫణిగిరి విషయమును ఇట్టిదే. 2001లో ఆరంభమైన త్రవ్వకములలో బయల్పడిన ఆ బౌద్ధశిల్పములలో కొన్ని 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడినవి. సంతోషింపదగినదే. ఆ కొండ దిగువ గ్రామముల బాలురకు ఆ శిల్పములను వివరించి చెప్పువారెవ్వరు?

మన పూర్వులు ఈ చిక్కును గుర్తించిరి. పిల్లలమఱ్ఱిలో ఎరకేశ్వరాలయము 1208 నాటిది. ఆ కాలపు దానశాసనములు కేవలము కట్టడమును కట్టి విడువలేదు. గుంటూరు మండలమున మల్కాపురములోని 1261 నాటి శాసనము అధ్యాపకులకే గాక, నర్తకులకును మద్దెలవారికిని కూడ జీవనోపాధిని నిర్దేశించినది. ఇట్లొసగిన భూమికి ‘వృత్తి’ యని పేరు. నేడు ఆ మాటకు పని యను అర్థమే మిగిలి, పనిని పోషించు భూమి యను అర్థము జారిపోయినది. సృజనాత్మక వృత్తుల నభివృద్ధి చేయుదమనువారు ఈ రెండవ అర్థమును మరువరాదని మా మనవి. ఆ దానములు కొన్ని కులములకే చెందెననుట నిజము. ఆ హద్దులను మనము తిరిగి గీయనక్కరలేదు.

దురాజుపల్లిలోని పెద్దగట్టుపై లింగమంతులస్వామి జాతర రెండేండ్ల కొకమారు జరుగును. ‘ఓ లింగా’ యను ఘోషతో, బేరీల మ్రోతతో లక్షలాది జనము గుట్టను చేరుదురు. రోడ్లకు, నీటికి, దీపములకు ప్రభుత్వము చేయు వ్యయమంతయు ఆ కొలది దినములకే. జాతరకు జాతరకు నడుమనున్న కాలమున ఒగ్గుకథకుడు, గొల్లసుద్దులవాడు, మందెచ్చులవాడు దేనితో బ్రతుకవలెను? వృద్ధ కళాకారులకు పింఛను గలదు. అది ముదుసలికి అన్నము పెట్టును. కాని శిష్యుని తెచ్చి యతని యెదుట కూర్చుండబెట్టదు. కావున గురువునకు వేతనము, శిష్యునకు విద్యార్థివేతనము కలిపి, కథ సంపూర్ణముగా వచ్చువరకు కొన్ని సంవత్సరములపాటు ఇచ్చు పద్ధతి వలయును. ఏ కథ యెవరికి ఎంతవరకు వచ్చునో గ్రామగ్రామమున నమోదు చేయుట దీనికి తొలిమెట్టు. ఈ పనికి మన పరిశోధక విద్యార్థులే తగినవారు.

నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరుగగా 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఆనకట్ట కట్టగనే పని ముగిసినదని ఇంజనీర్లు తలచియుండినచో ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, కోదాడ పొలములకు చేరెడిది కాదు. వారు పిల్లకాలువలను గూడ పటములో గీచిరి. జిల్లా కేంద్రపు కళాభవనము ఆనకట్ట వంటిదే యనుకొందము. అనంతగిరి పాఠశాలలో చదువు బాలిక ఒగ్గుకథ నేర్వదలచినచో గురువు ఎన్ని మైళ్ల దూరమున నున్నాడు, ఫణిగిరిని చూచి రావలెనన్న బస్సు దొరకునా, నడిగూడెము చరిత్రను చదువుకొనుటకు ఆ యూరి గ్రంథాలయమున పుస్తకమున్నదా - ఈ లెక్కలతో ప్రణాళికలోని మొదటి పుట ఆరంభము కావలెనని మా యభిప్రాయము.